పంపు కడిగారా

పురుగుమందుల కొట్టులో కూర్చునేవాడికి ఒక సౌకర్యం ఉంది. వాడు తాగినట్టు ఎవరి ముక్కుకీ తెలియదు. కారంపూడి బస్టాండు పక్కన మా కొట్టు మెట్టు ఎక్కగానే ఎవరికైనా ఘాటుకి కళ్ళు నీళ్ళు తిరుగుతాయి. ఆ ఘాటులో నా నోటి కంపు ఎంత? పదకొండేళ్ళు పొద్దున తొమ్మిదింటి నుంచి కౌంటరు వెనక తాగాను. పైరు పూతకి చల్లే టానిక్కు అట్టపెట్టెల్లో అడుగున ఉన్న సీసా నాది. సీసా బరువు చేతికి తెలుసు కాబట్టి చూడకుండానే తీసేవాణ్ణి. దాని గురించి అప్పట్లో నాకు గర్వంగా కూడా ఉండేది.

నేను కొట్ల మధ్య పుట్టాను. పెదనాన్నది కిరాణా, బాబాయిది బట్టలు, మా నాన్నది పురుగుమందులు, మూడూ ఒకే వరసలో. మా ఇంట్లో పిల్లలకి మాటలకన్నా ముందు బేరం వచ్చేది. అన్నం తినాలంటే ఎన్ని ముద్దలకి ఎంతసేపు ఆడుకోనిస్తావని మా అమ్మని నిలదీసేవాణ్ణట. బాబాయి దగ్గర నేర్చుకున్న విద్య ఒకటుంది, దాన్ని చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. రంగు దిగిపోయిన చీర పట్టుకుని ఎవరైనా పోట్లాటకి వస్తే బాబాయి చీర బాగాలేదనీ అనడు, బాగుందనీ అనడు. కుర్చీ వేయిస్తాడు. మంచినీళ్ళు ఇప్పిస్తాడు. చీర అంచు వేళ్ళతో నలిపి చూసి, దిగులుగా అడుగుతాడు: "ఎండలో ఆరేశారా అమ్మా?"

పల్నాడులో చీర ఎండలో ఆరేయనిది ఎవరు? ఆమె మొహం పాలిపోయేది. పక్కనున్న మొగుడు "చెప్తే వింటేగా" అనేవాడు. ఇద్దరూ పోట్లాడుకుంటూ మెట్లు దిగి వెళ్ళేవాళ్ళు. బాబాయి చీర మడత పెడుతూ నాతో అనేవాడు, "నువ్వేం చెప్పబాకరా. అడుగు. చెప్తే నీ మీదకొస్తది, అడిగితే వాళ్ళ మీదకి పోద్ది."

నేను ముగ్గురు షావుకార్ల తెలివి కలిపి పుట్టానని బజారులో అనేవారు. నిజమే అనుకునేవాణ్ణి.

నాలుగేళ్ళ కిందట మిరపకి నల్ల తామర పురుగు తగిలిన ఏడాది. చలికాలం. పొద్దున పదిన్నరకి ఒక రైతు వచ్చాడు. మా కొట్టుకి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది వాళ్ళ ఊరు, మా నాన్న రోజుల నుంచి ఖాతాదారు. రెండెకరాల మిరప, కాపు మీద ఉంది, పురుగుకి మంచి మందు ఇమ్మన్నాడు. అప్పటికి నా లోపల సగం సీసా ఉంది. మా అరల్లో పై వరస పురుగుమందులు, కింది వరస గడ్డిమందులు. ఒకే ఎత్తు సీసాలు, ఒకే పచ్చ మూతలు. ఈ పని కళ్ళు మూసుకుని చేయగలననుకుని, కళ్ళు తెరిచే ఉండి, కింది వరసలోంచి నాలుగు తీశాను. సీసా మీద కంపెనీవాడు అచ్చు వేసేది చీమ కాళ్ళంత అక్షరాలు, వాటిని ఏ రైతూ చదవడు. మేం మార్కరుతో రాసింది చదువుతాడు. నాలుగింటి మీదా నా చేత్తోనే రాశాను: ట్యాంకుకి ఐదు మూతలు.

"కొత్త మందా?" అన్నాడు, మూత తిప్పి చూస్తూ.

"కొత్తదే. కళ్ళకద్దుకుని కొట్టుకో పో," అన్నాను.

అయిదో రోజు ఫోన్ చేశాడు. గొంతులో ఏడుపు ఉంది. ఒక గుక్క వేసుకుని స్కూటరు మీద వెళ్ళాను. చేను దూరం నుంచే తెలిసిపోయింది. రెండెకరాలూ గడ్డివాము రంగులోకి తిరిగాయి. కాయ చెట్టు మీదే ముడుచుకుపోయింది. గట్టు మీద పదిహేనుమంది మగవాళ్ళు చావు ఇంటి ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. నీళ్ళ డ్రమ్ము పక్కన ఖాళీ సీసాలు నాలుగూ పడి ఉన్నాయి. ఒకటి తీసి చూశాను.

పదకొండేళ్ళలో నేను పూర్తిగా తాగని మనిషిలా ఉన్న నిమిషం అదొక్కటే. మత్తు ఎటు పోయిందో పోయింది. చేతిలో గడ్డిమందు సీసా. దాని మీద నా దస్తూరీ.

నాలుగు సీసాలూ ఏరి స్కూటరు డిక్కీలో పెట్టుకున్నాను. "కంపెనీకి పంపించి టెస్టు చేయిస్తా," అన్నాను. అందరూ తలలూపారు. తరవాత చేలోకి నాలుగడుగులు వేసి, ఒక ఆకు తుంపి, వేళ్ళతో నలిపి, దిగులుగా అడిగాను:

"పంపు కడిగారా?"

అంతే. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. ముందు వారం వాళ్ళు గట్ల మీద గడ్డికి అదే పంపుతో గడ్డిమందు కొట్టారని నాకు తెలుసు, ఆ మందు ఇచ్చిందీ నేనే. వీపుకి తగిలించుకుని మందు కొట్టే పంపు మా వైపు ఇంటికి ఒకటే ఉంటుంది, గడ్డికీ పురుగుకీ అదే. కొట్టేది మగవాడు, నీళ్ళు మోసేదీ తరవాత పంపు కడిగేదీ ఆడమనిషి. పదిహేను తలలూ ఒకేసారి ఆమె వైపు తిరిగాయి. ఆ రైతు పెళ్ళాం. బిందె చంకలో పెట్టుకుని కాస్త దూరంగా నిలబడి ఉంది.

"కడిగా," అంది. "సర్ఫేసి మూడుసార్లు కడిగా."

ఆమే మళ్ళీ అంది, "కడక్కపోతే మొదటి ట్యాంకు కొట్టిన సాళ్ళేగా మాడాల్సింది? రెండెకరాలు ఒకే తీరుగా ఎట్టా మాడింది?"

ఇరవయ్యేళ్ళ వ్యాపారంలో ఏ వ్యవసాయ అధికారీ నన్ను అంత సూటిగా అడగలేదు. కడగని పంపులో మిగిలేది కొద్దిపాటి మందు. అది మొదటి ట్యాంకుతో వెళ్ళిపోతుంది. మూడో ట్యాంకు నుంచి చెట్టుకి ఏమీ కాదు. ఇంకొక్క క్షణం ఆ మాట గాల్లో ఉంటే గట్టు మీద ఎవడో ఒకడు పట్టుకునేవాడు. నేను ఉండనివ్వలేదు. మగవాళ్ళ వైపు తిరిగి నవ్వుతూ అన్నాను:

"ఆడాళ్ళు కూడా పురుగుమందుల కొట్లు పెడితే ఇక మేం షట్టరు దించుకోవాల్సిందే."

నవ్వారు. రెండెకరాలు కాలిపోయిన గట్టు మీద నవ్వు తెప్పించగలిగాను, అదీ నా పనితనం. ఆ నవ్వులోనే ఆమె మొగుడు పంపుకున్న ఇత్తడి రాడ్డు ఊడదీశాడు. ఆమె అడ్డం పెట్టింది ఎడమ చెయ్యి. రెండు దెబ్బల దాకా చూశాను. మూడోదానికి స్కూటరు స్టార్టు చేశాను.

సాగర్ కాలవ వంతెన మీద ఆగి నాలుగు సీసాలూ నీళ్ళలో పారేశాను. ఒకటి మునగలేదు. మూత గట్టిగా బిగించి ఉంది. అది తేలుతూ వంతెన కిందకి పోయేదాకా నిలబడి, అప్పుడు నా సీసా మూత తీశాను.

ఇక్కడితో ఆపి ఉంటే నేను మామూలు తాగుబోతుని. నేను వ్యాపారస్తుణ్ణి కూడా. ఆ సీజనంతా మందు పని చేయలేదని ఎవరొచ్చినా ఆమె కథ చెప్పాను. "ఫలానా ఊళ్ళో ఒకామె పంపు కడగలా. రెండెకరాలు బుగ్గయిపోయింది. మీ ఇంట్లో ఎవరు కడుగుతారు?" అనేవాణ్ణి. వచ్చినవాడు గొంతు తగ్గించి, సర్ఫు పొట్లంతో సహా కొనుక్కుని వెళ్ళేవాడు. నా కౌంటరు మీద నుంచి ఆమె కథ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. ఏడాది తిరక్కముందే ఆమెకి ఒక పేరు పడింది. సొంత పేరు నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. "కడగనమ్మ" అంటారు. వాళ్ళ ఊరికి పెళ్ళయి వచ్చిన కొత్త కోడళ్ళకి కూడా ఆమెని ఆ పేరుతోనే చూపిస్తారు.

తరవాత మూడేళ్ళకి నేను కౌంటరు మీదే రక్తం కక్కుకున్నాను. గుంటూరులో ఆసుపత్రి, అక్కడి నుంచి నరసరావుపేటలో తాగుడు మాన్పించే కేంద్రం, మూడు నెలలు. అక్కడ ఒక సారు ఉండేవాడు. ఆయన కూడా ఒకప్పుడు తాగినవాడే. నీ తాగుడు వల్ల దెబ్బతిన్నవాళ్ళ పేర్లు రాయమని కాగితం ఇచ్చాడు. ముప్ఫై రాశాను. ఇన్ని రాసినవాడు లేడని మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పై నుంచి కింద దాకా చదివాడు.

"మీ అమ్మ, మీ ఆవిడ, మీ అక్కాబావా, నీ స్నేహితులు. వీళ్ళంతా నిన్ను క్షమించేవాళ్ళేగదయ్యా. క్షమించనోళ్ళు ఏరి?"

దొరికిపోయాను. నాలాంటివాణ్ణి పట్టుకోవాలంటే నాలాంటివాడే కావాలి. రెండు రోజులు గింజుకుని, మూడో రోజు చెప్పాను. ఆయన నా కాగితం మడిచి తిరిగిచ్చేశాడు.

"పోయి ఆమెకి చెప్పు."

"మొగుడికి ఫోన్ చేసి చెప్తే చాలదా సార్?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఉత్తరం రాస్తా. రిజిస్టర్డ్ పోస్టులో."

"ఆమెకి చదువొచ్చా?"

"తెలీదు."

"నలుగురిలో కూర్చోబెట్టి చెప్పక్కర్లేదుగా?"

ఆయన లేచి నిలబడ్డాడు. "నీ గుండె బరువు దించుకోటానికి పోబాక. ఆమెకేం కావాలో అడుగు. బేరం ఆడబాక," అని వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చాక ఎనిమిది నెలలు పట్టింది వెళ్ళటానికి. పండగలు, పెళ్ళిళ్ళు, మోకాళ్ళ నొప్పి, ఎండ, వాన, అన్నీ కలిసొచ్చాయి. కొట్టు ఇప్పుడు మా ఆవిడ చూసుకుంటుంది. నన్ను సీసాలు ముట్టుకోనివ్వదు. కౌంటరు ఇవతల ఎరువుల బస్తాల మీద కూర్చుని, వచ్చినవాళ్ళకి ఫ్యాను ఎటు తిరుగుతుందో చెప్తుంటాను. ఒకరోజు మా ఆవిడే అంది, "ఇవాళ పోతారా, లేకపోతే ఆమె చచ్చాక పోతారా?" మర్నాడు పొద్దున ఆటో ఎక్కాను. చేతిలో డజను బత్తాయిలు. ఎందుకు కొన్నానో అడగవద్దు. ఉత్తి చేతులతో బేరానికి వెళ్ళటం మా వంశంలో లేదు.

మిరపకాయ రెండో కోత అయిపోయిన రోజులు. వాళ్ళ చేను పక్కనే కళ్ళం. ఎర్రగా ఆరబోసిన కాయ, ఒక పక్క గోనెపట్టాల నీడలో ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళలో ఆమె కూడా ఉంది. గుర్తు పట్టాను, మొహాన్ని బట్టి కాదు. ఎడమ మణికట్టు పక్కకి వంగి అతుక్కుంది. ఆ చేతి కింద కాయ పోగు పెట్టి కుడిచేత్తో ఏరుతోంది. మొగుడు డ్రమ్ము దగ్గర పంపు బిగిస్తున్నాడు. చేలో ఇంకా మూడో కాపు ఉంది.

"ఏంది షావుకారూ," అన్నాడు నన్ను చూసి. "చచ్చిపోయావన్నారే నిన్ను. రక్తం కక్కావంట."

"కక్కా. చావలా."

"పాపిష్టోళ్ళకి ఆయుష్షు ఎక్కువలే." నవ్వాడు. స్నేహంగానే నవ్వాడు. "ఏం పనిబడింది?"

"నీతో పక్కకి ఒక మాట."

"పక్కకెందుకు? అందరూ మనోళ్ళే. చెప్పు."

నేను కోరుకున్న బేరం మొదటి మాటకే పోయింది. గొంతు తడుపుకోవడానికి పాత అలవాటుగా చెయ్యి జేబు వైపు వెళ్ళింది. జేబులో ఏమీ లేదు.

"ఆ ఏడు నీ చేను మాడింది పంపు వల్ల గాదు. నేనిచ్చిందే గడ్డిమందు. తాగి ఉండి కింది వరసలోయి తీసిచ్చా."

కాయ ఏరే చేతులన్నీ ఆగాయి. ఆమె చెయ్యి ఆగలేదు.

మొగుడు పంపు కింద పెట్టి నా దగ్గరికి వచ్చాడు. "నోరూదు," అన్నాడు.

"ఏంది?"

"నోరూదు షావుకారూ. పొద్దున్నే పోసుకొచ్చి వాగుతున్నావేమో చూద్దాం."

ఊదాను. యాభై రెండేళ్ళవాణ్ణి, అందరి ముందూ నోరు తెరిచి వాడి ముక్కులోకి ఊదాను.

"ఏమొస్తందిరా?" అంది ఒక ముసలామె, ఆత్రంగా.

"ఏం రాలా. పళ్ళు తోమలా, అంతే."

గొల్లున నవ్వారు. ముసలామె నవ్వలేదు. "ఇయ్యాళ తాగకపోతే రేపు తాపిస్తామన్నారేమో. ఒక క్వార్టర్ చూపిస్తే సాగర్ డ్యామ్ నేనే కట్టానంటాడు వీడు."

రైతు పెళ్ళాం పక్కనే కూర్చున్న పడుచుపిల్ల ఆమెని మోచేత్తో పొడిచింది. "ఏమే అక్కా, నువ్వేనా పిలిపించింది? ఎన్ని సీసాలకి ఒప్పుకున్నాడేంది?"

నాకు అప్పుడు తెలిసింది నేను ఏం తెచ్చానో. నిజం తెచ్చాననుకున్నాను. నాలుగేళ్ళ కిందట తాగిన నోటితో ఒక ప్రశ్న వేస్తే ఊరంతా నమ్మింది, ఎందుకంటే ఆ నోటి ముందు కౌంటరు ఉంది. ఇప్పుడు తాగని నోటితో నిజం చెప్తే, తాగుబోతుని కొనుక్కుని చెప్పించుకుందన్న మాట ఆమె మీద కొత్తగా పడింది. ఆమె పాత పేరు పోగొట్టటానికి వచ్చి ఇంకోటి తగిలించాను.

"ఆ మందు డబ్బాలేయి?" అన్నాడు మొగుడు.

"కాలవలో వేశా."

"బిల్లు?"

"నీకెప్పుడన్నా బిల్లిచ్చానా నేను?"

"మరి నమ్మేదెట్టా?"

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పవలసింది చెప్పాను, వాళ్ళు నమ్మలేదు, నా వంతు అయిపోయింది. రోడ్డు మీద ఆటో నా కోసమే ఆగి ఉంది. బత్తాయిల సంచి ఎక్కడ పెట్టి వెళ్ళాలా అని కూడా చూశాను.

"ఎడం పక్క గట్టు కాణ్ణించి మొదలెట్టాం," అంది ఆమె.

తల ఎత్తలేదు. కాయలు ఏరుతూనే ఉంది. గొంతు నేను అనుకున్నదానికంటే నెమ్మదిగా ఉంది.

"మొదటి ట్యాంకు ఎడం గట్టున. ఆఖరుది ఆ సపోటా చెట్టు కాడ. ఏది ముందు మాడింది షావుకారూ? నువ్వు చూశావుగా."

"రెండూ ఒకటే తీరు."

"కడగని పంపయితే?"

"మొదటి ట్యాంకు సాళ్ళు మాడేయి. రెండో దానికి ఆకు కొంచెం పండేది. మూడోదాన్నుంచి ఏం గాదు."

"ఎన్ని ట్యాంకులు కొట్టాం?" ఇది మొగుణ్ణి అడిగింది. ఆమే చెప్పింది. "ఇరవై." మళ్ళీ నాతో, "ఆ రోజు నేనదే అడిగితే నువ్వేమన్నావు?"

"తాగి ఉన్నానమ్మా. గుర్తు లేదు."

"నాలుగు డబ్బాలూ మర్చిపోకుండా ఏరి డిక్కీలో పెట్టుకున్నోడివి. గుర్తుంటది. అను."

బేరం ఆడవద్దని చెప్పి పంపినా ఆడాను. దొరికాను. ఆ మాట అన్నాను, ఆడాళ్ళు కొట్లు పెడితే మేం షట్టరు దించుకోవాలన్నది. నేల చూస్తూ, గబగబా.

"అట్టా గాదు. అప్పుడు నవ్వావు. నవ్వి అను."

ముసలామె కూడా నా మొహంలోకి చూస్తోంది. నేను నవ్వాను. పళ్ళు కనపడేలా నవ్వి, ఆ రోజు మగవాళ్ళు నిలబడ్డ గట్టు వైపు తిరిగి, ఆ మాట మొత్తం మళ్ళీ అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. జీవితంలో నా జోకు అంత ఘోరంగా ఎప్పుడూ చావలేదు.

మొగుడు చేను వైపు చూస్తున్నాడు. అతను రైతు. నాకు తెలిసింది అతనికీ తెలుసు. ఎడమ గట్టు నుంచి సపోటా చెట్టు దాకా అతని కళ్ళు వెళ్ళి వచ్చాయి, మళ్ళీ వెళ్ళాయి. ఇరవై ట్యాంకులూ మనసులో కొట్టుకున్నట్టున్నాడు.

"ఏదో అయిపోయింది," అన్నాడు చివరికి. "ఇప్పుడయ్యన్నీ తవ్వుకుని చేసేదేముంది. నువ్వు పో షావుకారూ."

"అమ్మా, నీకేం కావాలో చెప్పు," అన్నాను. సారు అడగమన్న మాట అది. నా నోట్లో అది కూడా కొట్టు మాటలాగే ఉంది.

ఆమె మొదటిసారి తల ఎత్తింది. నా వైపు కాదు, నా చేతి సంచి వైపు చూసింది.

"అయ్యేంది?"

"బత్తాయిలు."

"దీనికా?" వంకర మణికట్టు ఎత్తి చూపించింది. "డజనేనా? నేను రెండు డజన్లు అంటా, నువ్వు ఒకటిన్నర అను. తెగకపోతే పెద్దోళ్ళని పిలుద్దాం."

పడుచుపిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను సంచి కింద పెట్టాను. బత్తాయి ఒకటి దొర్లి మిరపకాయల్లోకి పోయింది, ఎవరూ తీయలేదు.

"ఆ పంపు కడుగు," అంది ఆమె.

కడిగాను. డ్రమ్ములోంచి చెంబుతో నీళ్ళు ముంచి, సర్ఫు వేసి, ట్యాంకు ఊపి, గొట్టం ఊడదీసి, రాడ్డులోంచి నీళ్ళు చిమ్మించి పారబోశాను. మందు వడగట్టే జాలీ రెండుసార్లు జారి మట్టిలో పడింది. మళ్ళీ కడిగాను. ఇరవయ్యేళ్ళు పంపులు అమ్మినవాణ్ణి, ఒక్కటి కడిగి ఎరగను. మూడోసారి పారబోసి, వంగిన నడుము పట్టుకుని లేచాను. పంపు తెల్లగా ఉంది. నా లాల్చీ మోకాళ్ళ దాకా బురద. అక్కడున్నవాళ్ళందరికీ వినోదంగానే ఉంది.

మొగుడు వచ్చి పంపు చేతిలోకి తీసుకున్నాడు. మూతి దగ్గర వాసన చూశాడు. పక్కన పెట్టేశాడు.

"వీడు కడిగిన పంపు నా చేలో దిగదు," అన్నాడు. తరవాత డ్రమ్ము వైపే చూస్తూ, పెళ్ళాంతో అన్నాడు, "నువ్వు కడుగు."

ఆడవాళ్ళ చేతులు మళ్ళీ ఆగాయి. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఆమెని పంపు ముట్టుకోనివ్వలేదని, మొగుడే కడుక్కుంటాడని నాకు అంతకు ముందే తెలుసు. మా కొట్టులో ఆ కథకి అది కొసమెరుపుగా చెప్పేవాణ్ణి. అందుకని ఆ రెండు మాటల విలువ అక్కడ అందరికంటే నాకే బాగా తెలిసింది. ఎదుటివాడి చెయ్యి జేబులోకి వెళ్ళే క్షణం ఒకటి ఉంటుంది బేరంలో. అది చూడగానే సరుకు మడత పెట్టి ఇచ్చేయాలి. ఇచ్చేయమ్మా, అనుకున్నాను. ఇంతకన్నా ఎక్కువ రాదు. ఈ మనిషి ఇంతకన్నా ఎక్కువ ఇవ్వలేడు.

"నాకు కడగటం రాదుగా," అంది ఆమె.

అతను నిలబడే ఉన్నాడు.

"ఊరంతా చెప్తారు. అడుగు," అంది. తాలుకాయ ఒకటి తీసి పక్కన పడేసింది.

కాకి ఒకటి వచ్చి బత్తాయి వాసన చూసి పోయింది. అతని మెడ మీద నరం కదలటం చూశాను, ఇత్తడి రాడ్డు అతని చేతికి అందేంత దూరంలోనే ఉంది. నా కాళ్ళు పాత అలవాటుగా ఆటో వైపు తిరిగాయి. తిరిగాయే గాని కదలలేదు. అది ధైర్యమని చెప్పను.

అతను లుంగీ పైకి మడిచి డ్రమ్ము ముందు గొంతుక్కూర్చున్నాడు. చెంబు ముంచాడు. నేను కడిగిన పంపునే మళ్ళీ కడగటం మొదలుపెట్టాడు. కడిగి, పారబోసి, లేవబోయాడు.

"ఇంకోసారి," అంది ఆమె, తల ఎత్తకుండా.

అతను ఆమె వైపు చూశాడు. ఆమె చూడలేదు. మళ్ళీ కూర్చున్నాడు.

ఇక అక్కడ నాతో ఎవరికీ పని లేదు. క్షమించానని ఆమె అనలేదు, క్షమించమని నేను అడగటం మర్చిపోయాను. కళ్ళం దాటి రోడ్డు వైపు నడుస్తుంటే వెనక పడుచుపిల్ల గొంతు వినపడింది, గుసగుసే గాని నాకు వినపడేంత గుసగుస:

"నిజం చెప్పు అక్కా, ఎన్ని సీసాలకి ఒప్పుకున్నాడు?"

"నాలుగు," అంది ఆమె. "కాలవలో ఉన్నయ్యి. పోయి ఏరుకో."

ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆగమని చెయ్యి చూపించాను. కళ్ళం దగ్గర నుంచి ఆమె గొంతు మళ్ళీ ఒకసారి, అంతే నెమ్మదిగా, వినపడింది. మూడోసారి నీళ్ళు పారబోసిన చప్పుడు వినేదాకా రోడ్డు మీద ఎండలో నిలబడి, అప్పుడు ఎక్కాను.